ముప్పాతిక గీత

తెల్ల డబ్బా మీద ఒక గీత ఉంటుంది.
సూదులు ఆ గీత దాకా వస్తే మూత బిగించెయ్యాలి, అంతే.
పైదాకా నింపామా,
నొక్కి మూసే చెయ్యి ఒకటి కావలసి వస్తుంది.
ఆ చెయ్యి ఎప్పుడూ నాది కాదు.

హుదూద్ వెళ్ళిన నాలుగో రోజు.
మహారాణిపేట సందులో మా ముప్పై పడకల ఆస్పత్రి.
కరెంటు లేదు. సూదులు కత్తిరించే మిషను
గుడ్డ కప్పుకుని పడుకుంది.
రేకులు కోసిన మడమలు, అద్దాలు దిగిన వీపులు,
కూలిన చెట్టు కొట్టబోయి వేళ్ళు కొట్టుకున్నవాళ్ళు.
ఎమర్జెన్సీ లైటు వెలుగులో
టీటీ, టీటీ, టీటీ.
డబ్బా నిండిపోయింది.
రెండోది స్టోర్లో ఉంది. స్టోరుకి తాళం.
తాళంచెవి భీమిలిలో, ఇంటికప్పు ఎగిరిపోయిన గుమస్తా జేబులో.

రాత్రి మూడింటికి
చేతిలో మిగిలిన సూదిని
పసుపు సంచిలో, నెత్తుటి దూది మధ్య పడేశాను.
దాచాను అనాలి.
పడెయ్యడం వేరు.

పొద్దున్నే సూరాడ బంగారమ్మ
సంచి మూతి ముడేసి, తొడకి ఆనించుకుని
మెట్లు దిగింది.
నాలుగో మెట్టు మీద ఆగింది.
"ఏటోనమ్మా, సురుక్కుమన్నాది."

కుళాయిలో నీళ్ళు లేవు. కొన్న నీళ్ళు పోసి కడిగాను.
రిజిస్టర్లో రాశాను: తేదీ, వేళ, గాయం లోతు.
ఎవరి పొరపాటు అన్న గడిలో
అడ్డగీత కొట్టాను.

ఆరు వారాలకో రక్తపరీక్ష. మూడు నెలలకొకటి.
ఆరు నెలలకు ఆఖరిది.
అన్నాళ్ళూ ఆమె మనవడికి
తన కంచంలోంచి ముద్ద పెట్టలేదట.
అలా అంటుకోదని చెప్పాల్సింది నేనే.
చెప్పాలంటే ఎదురుగా నిలబడాలి.
నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకున్నాను.

ఏమీ రాలేదు. మూడు కాగితాలూ లేదు అనే చెప్పాయి.
పాత పేపర్లో చుట్టి
రెండు ఎండు వంజరం ముక్కలు తెచ్చిచ్చింది నాకు.
"నువ్వు రాసిన కాయితం వల్లే కదమ్మా, మందులిచ్చారు."
వాటిని వండలేదు. పారెయ్యనూ లేదు.

ఇప్పుడు నేను పాఠం చెబుతాను.
పసుపు, ఎరుపు, నీలం, తెలుపు.
ఈ ఏడాది పసిఫిక్ దీవి నుంచి
ఒక నర్సు వచ్చింది. తెరెటియా.
అన్నీ రాసుకుని, కలం మూసి అడిగింది:
బండి ఇవన్నీ ఎత్తుకుని ఎక్కడికెళుతుంది?
ఊరవతలికి, అన్నాను.
మాకు ఊరవతల లేదు, అంది.

ఈ సముద్రానికీ ఆ సముద్రానికీ మధ్య
మీ బీచ్ రోడ్డంత నేల.
మూరెడు తవ్వితే ఉప్పునీరు.
కాల్చే కొలిమి ఉంది, దాని తలుపు కీలు
ఓడలో వస్తోంది, ఎనిమిది నెలలుగా వస్తూనే ఉంది.
అందాకా సూదులు పాలడబ్బాల్లో,
పురుటిగది వెనక, పేర్చి.
గీత నేనే గీస్తాను, గోరింట రంగు మార్కర్‌తో.

ఊరవతల.
ఎన్నేళ్ళుగా అంటున్నాను ఆ మాట!
అక్కడ బండికి గేటు తీసే మనిషికి
అదే ఊరు.

మధ్యాహ్నం బంగారమ్మ ఆమెకి సంచి పట్టడం నేర్పింది.
ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు.
మూతి దగ్గర పట్టుకో, దూరంగా,
పాము తోక పట్టినట్టు. తొడకి ఆనించకు.
ఎందుకు, అని కళ్ళతో అడిగింది తెరెటియా.
బంగారమ్మ చీర మీద, పాత చోట, చెయ్యి వేసి చూపించింది.
"ఎవులో పిల్ల. నిద్దర్లేక అలిసిపోయుంటాది, పాపం."

నా వైపు చూడలేదు.
ఏమంది, అని నన్నడిగింది తెరెటియా.
జాగ్రత్తగా పట్టుకోమంటోంది, అన్నాను.

పాత రిజిస్టరు స్టోర్లోనే ఉంది.
తాళంచెవి ఇప్పుడు నా దగ్గరే.
ఇంకా చెప్పాల్సింది ఉంది గానీ
గీత దాకా వచ్చింది